గ్రంథాలయమునకు శాసనబలము కోరిన రంగనాథన్

1923లో మద్రాసు విశ్వవిద్యాలయము తన గ్రంథాలయమునకు ఒక గ్రంథపాలకుని నియమింపనెంచి ప్రకటన గావించెను. ఆ ఒక్క ఉద్యోగమునకు సుమారు 900 మంది దరఖాస్తు పెట్టుకొనిరి. వారిలో ఒకరు ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిన షియాలి రామామృత రంగనాథన్. ఆయనకు గ్రంథాలయ నిర్వహణమున ఎట్టి అనుభవమును లేదు. జీతము ఉపాధ్యాయ వేతనముకంటె అధికమగుటయే ఆయనను ఆకర్షించినది. పరీక్షకుల యెదుటికి పోవుటకు ముందు విజ్ఞాన సర్వస్వమున గ్రంథాలయములను గూర్చిన వ్యాసమొకటి చదువుకొని పోయెను. ఉద్యోగము ఆయననే వరించెను.

1924 జనవరిలో పనిలో ప్రవేశించిన కొలది దినములకే ఆయనకు ప్రాణము విసిగిపోయెను. నిన్నటివరకు తరగతి నిండ విద్యార్థులు. నేడు చుట్టును మూగగా నిలిచిన బీరువాలు. పలుకరించువారు లేరు, ప్రశ్న వేయువారు లేరు. మరల బోధనకే పోనిండని ఆయన అధికారులను వేడుకొనెను. వారు ఒక ఒప్పందమునకు వచ్చిరి. ఇంగ్లండునకు పోయి గ్రంథాలయ విద్య నభ్యసించి రావలెను; తిరిగి వచ్చిన పిదపను ఈ ఉద్యోగము రుచింపకున్నచో కళాశాలకు పోవచ్చును. ఆ షరతుపై ఆయన ఓడ యెక్కెను.

రంగనాథన్ 1892లో తంజావూరు జిల్లాయందలి శియ్యాళిలో జన్మించెను. తండ్రి రామామృత అయ్యరు భూవసతి గలవాడు. ఇరుగుపొరుగువారిని కూర్చుండబెట్టి రామాయణ ప్రవచనము చేయువాడు. కుమారునకు ఆరేండ్ల ప్రాయమున తండ్రి మరణించెను. బాలునకు నత్తి యుండెను. ఊరి పాఠశాలలో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1916లో గణితమున ఎం.ఏ. పట్టము పొందెను. అచ్చట ఎడ్వర్డ్ రాస్ అను ఆచార్యుడు ఆయనకు గురువగుటయేగాక జీవితాంతము ఆరాధ్యుడయ్యెను. పిమ్మట సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణము పొంది మంగుళూరు, కోయంబత్తూరు, మద్రాసులలో బోధించెను. పాఠము వ్రాయించి వల్లె వేయించు పద్ధతి ఆయనకు సరిపడలేదు. విద్యార్థులను గ్రంథాలయమునకు పంపి, వారు చదివివచ్చిన విషయమును తరగతిలో చర్చింపజేయుటయే ఆయన మార్గము. ఉపాధ్యాయ వృత్తిని విడిచిపెట్టిన తరువాతను ఆయన ఉపాధ్యాయుడుగనే యుండెననుట అతిశయోక్తి గాదు.

లండను విశ్వవిద్యాలయ కళాశాలలో చేరిన రంగనాథన్‌కు పాఠములకంటె చూచిన దృశ్యములు ఎక్కువ నేర్పినవి. క్రాయిడన్ పట్టణ గ్రంథాలయమున బెర్విక్ సేయర్స్ అను అనుభవజ్ఞుని కడ ఆయన పని నేర్చుకొనెను. నూరునకు పైగా గ్రంథాలయములను దర్శించెను. వృత్తి పనివారు, ఇల్లాండ్రు, చిన్నపిల్లలు ఎవరి అనుమతియు అక్కరలేకుండ లోనికి వచ్చి తమకు వలసిన పుస్తకమును చంకబెట్టుకొని పోవుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. ఈ యేర్పాటునకు ఆధారమేమని విచారింపగా, అది ఏ ధనికుని దయయు గాక పన్నని, ఆ పన్ను వెనుక ఒక శాసనమని తేలెను.

ఆ శాసనమునకు ఒక కథ కలదు. 1850లో విలియం ఎవార్ట్ అను పార్లమెంటు సభ్యుడు, తాపీపనివాని కుమారుడైన ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ అను గ్రంథాలయోద్యోగి సేకరించి యిచ్చిన సాక్ష్యాధారములతో, ఇంగ్లండున ప్రజా గ్రంథాలయ శాసనమును సాధించెను. పదివేల జనాభాకు మించిన పట్టణములు ఆస్తి విలువలో పౌండునకు అర పెన్నీ చొప్పున పన్ను వేసికొనవచ్చును. చిత్రమేమనగా, ఆ డబ్బుతో భవనము కట్టవచ్చునుగాని పుస్తకము కొనరాదు! పుస్తకములు దాతలిచ్చెదరని శాసనకర్తలు తలచిరి. ఐదేండ్లు గడచి, 1855లో పన్ను ఒక పెన్నీకి పెరిగిన పిమ్మటనే పుస్తకములు కొను అధికారము చేకూరెను. ఖాళీ బీరువాల భవనము గ్రంథాలయము కాదని తెలిసికొనుటకు ఆ దేశమునకు ఐదేండ్లు పట్టినది.

1925లో రంగనాథన్ మద్రాసునకు తిరిగివచ్చెను. కళాశాలకు పోవు ఊసు మరల ఎత్తలేదు. అంతవరకు తాళములలో నుండిన పుస్తకములు చదువరులకు చేతికందునట్లు తెరువబడెను. గ్రంథాలయము తెరచి యుంచు వేళలు పెరిగెను. పుస్తకములను విషయానుసారముగా అమర్చుటకు ఆయన ఒక నూతన వర్గీకరణ పద్ధతిని కనిపెట్టెను. లండనులో ఒక దుకాణమున పిల్లల ఆటవస్తువు, మరలతో బిగించి ఎన్నో ఆకృతులుగా కూర్చదగిన ఇనుప ముక్కల పెట్టె, దానికి స్ఫూర్తియట. 1933లో వెలువడిన ఆ పద్ధతి కోలన్ వర్గీకరణమను పేర ప్రపంచ ప్రసిద్ధి గాంచినది.

అంతకంటె సామాన్యులకు అవసరమైనది ఆయన చెప్పిన పంచ సూత్రములు. గ్రంథాలయము చేయు నానావిధములైన పనులన్నిటికి మూలమైన నియమములు కొన్ని యుండవలెనని గణిత శాస్త్రజ్ఞుని మనస్సు చాలకాలము వెదకెను. 1928లో ఒక సాయంకాలము గురువగు రాస్ ఆయన గదికి వచ్చి, శిష్యుని తికమక విని, మొదటి నియమమును ఒక్క చిన్న వాక్యములో చెప్పి వెడలిపోయెనట. తక్కినవి వెనువెంట దొరలివచ్చెను. పుస్తకములు దాచుకొనుటకు గాక వాడుకకే ఉన్నవి. ఏ పాఠకునికి తగిన పుస్తకము ఆ పాఠకునికి అందవలెను. ఏ పుస్తకమునకు తగిన పాఠకుడు దానికి దొరకవలెను. పాఠకుని కాలము వ్యర్థము కారాదు. గ్రంథాలయము నానాటికి ఎదుగు జీవి. ఇది వాటి సారాంశము. ఈ సూత్రములను వివరించు గ్రంథము 1931లో వెలువడెను. చదువుటకు ఇవి సులభములే. ఆచరణలో పెట్టబూనినచో రెండవ సూత్రముకడనే ప్రభుత్వములు తడబడును, ఏలయన అందరికి పుస్తకము అందవలెనన్నచో ఆ ఖర్చు ఎవరిదను ప్రశ్న వచ్చును.

ఈ ప్రశ్న ఆంధ్రులకు క్రొత్తది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతులు 1914లోనే బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిపి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. 1919లో మద్రాసున అఖిల భారత మహాసభకును ఆయనయే పూనుకొనెను. 1935లో పాతూరి నాగభూషణము గుంటూరు మండలమున కృష్ణ కాలువలపై పడవలలో పుస్తకములు నడిపించెను. అరవదేశమున మన్నార్గుడి ప్రాంతమున 1931లో ఎడ్లబండిపై గ్రంథాలయము బయలుదేరెను. దానికి రంగనాథన్ ప్రోత్సాహము కలదు. 1928లో ఏర్పడిన మద్రాసు గ్రంథాలయ సంఘమునకు ఆయనయే కార్యదర్శి. ఇవన్నియు ఉత్సాహముతో నడచిన పనులు. అయినను ఉత్సాహము నీరసించిన చోట, దాత కన్నుమూసిన చోట, ఊరిపెద్దలు కలహించుకొన్న చోట గ్రంథాలయము మూతపడుచుండెను. పుస్తకములు ఒకరి యింట అటకెక్కును. ఇట్టివానిని పెక్కు చూచిన పిదప, దానము మంచిదే కాని హక్కునకు అది బదులు కాజాలదని రంగనాథన్ నిశ్చయించుకొనెను.

1930 డిసెంబరులో కాశీలో సమావేశమైన అఖిల ఆసియా విద్యా మహాసభలో ఆయన ఒక నమూనా గ్రంథాలయ శాసనమును ప్రవేశపెట్టెను. ప్రతి స్థానిక ప్రాంతమునకు ఒక గ్రంథాలయాధికార సంస్థ, దానికి నిర్బంధమగు పన్ను, ప్రభుత్వము తన వంతుగా విరాళము. ఇది అందలి ముఖ్యాంశము. వంగ శాసన మండలిలో కుమార మునీంద్ర దేవ రాయ్ మహాశయ దీనికి మద్దతుదారుడై బిల్లు సిద్ధపరచెను. మద్రాసు శాసన మండలిలో 1933లో బషీర్ అహ్మద్ సయ్యద్ మరియొక బిల్లు ప్రవేశపెట్టెను. రెండును ఫలింపలేదు. నిర్బంధమను మాటయే ఆనాటి ప్రభుత్వమునకు కంటకమైనది. పన్ను ఐచ్ఛికముగా నుండనిండని సలహా యిచ్చినవారికి లోటు లేదు. ఐచ్ఛికమైన పన్నును ఏ పురపాలక సంఘము వేసికొనునో రంగనాథన్‌కు బాగుగనే తెలియును.

ఆ సంవత్సరములు ఆయన స్వంత జీవితమునను సుఖమయములు కావు. 1928లో భార్య రుక్మిణి ప్రమాదవశమున మరణించెను. మరుసటి సంవత్సరము శారదను వివాహమాడెను. మద్రాసులో గ్రంథపాలకుడుగా నున్న ఇరువదేండ్లలో ఆయన సెలవు పుచ్చుకొనుట అరుదు. ఇంటి పెండ్లి దినమున సైతము గ్రంథాలయమునకు పోయెనని చెప్పుకొందురు. ఇంతటి నిష్ఠ ఆయన క్రింద పనిచేసినవారికి కొంత భారముగనే యుండి యుండును. 1945లో విశ్వవిద్యాలయమును విడిచి కాశీ హిందూ విశ్వవిద్యాలయమునకు పోయెను; అచ్చట సుమారు లక్ష పుస్తకములను స్వయముగా వర్గీకరించెను. 1947లో ఢిల్లీ విశ్వవిద్యాలయము ఆయనను పిలిచెను.

ఇంతలో మద్రాసున పరిస్థితులు మారెను. 1946లో టి. ఎస్. అవినాశిలింగం చెట్టియారు విద్యామంత్రి యయ్యెను. గ్రంథాలయములపై శ్రద్ధ గల ఆ మంత్రి చొరవతో 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయ శాసనము ఆమోదము పొందెను. స్వతంత్ర భారతమున ఇదియే మొదటి గ్రంథాలయ శాసనము. కాశీలో నమూనా ప్రకటించిన నాటినుండి లెక్కించిన 18 ఏండ్ల నిరీక్షణము. ఇంటిపన్ను రూపాయకు 6 పైలు, అనగా అర్ధణా, గ్రంథాలయ పన్నుగా వసూలు కావలెను. మద్రాసు నగరమును మినహాయించి, జిల్లాలలో వసూలైన దానికి తగ్గని మొత్తమును ప్రభుత్వము ఈయవలెను. సంస్థలు ఏర్పడెను. 1950 ఏప్రిల్ 1న కన్నెమరా గ్రంథాలయము రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమయ్యెను.

ఆయన కోరినదంతయు రాలేదు. గ్రంథాలయములకు ప్రత్యేక శాఖ యుండవలెనని ఆయన పట్టు. ప్రభుత్వమో, ఆ బాధ్యతను విద్యాశాఖ సంచాలకుని నెత్తిపైననే మోపెను. పాఠశాలల బరువుతో వంగియున్న ఆ అధికారికి గ్రంథాలయములను తలచుకొను తీరిక ఎప్పుడు దొరకును? తమిళనాడున ప్రత్యేక శాఖ ఏర్పడుటకు 1972 రావలసివచ్చెను. అయినను ఆ శాసనమున ఒక మేలైన నియమము చోటు చేసికొన్నది. రాష్ట్రమున అచ్చయిన ప్రతి పుస్తకమునకు ఐదు ప్రతులు ముద్రాపకులు ప్రభుత్వమునకు ఈయవలెను. అందు నాలుగు కేంద్ర గ్రంథాలయమునకు చెందును. 1954లో కేంద్ర ప్రభుత్వము ఇదే తీరున దేశమంతటికి ఒక శాసనము చేసి, ప్రచురణకర్తలు తమ ఖర్చుపై కలకత్తా జాతీయ గ్రంథాలయము మొదలగు సంస్థలకు ఒక్కొక్క ప్రతిని పంపవలెనని విధించెను. తప్పినవారికి అపుడు నిర్ణయించిన జరిమానా 50 రూపాయల వరకు, దానిపై పుస్తకము వెల. జరిమానా స్వల్పమే. కాని అందలి సూత్రము పెద్దది: పుస్తకము వ్యాపార వస్తువగుటతో పాటు ప్రజల సొత్తు కూడ, కావున ప్రచురణకర్త ఇష్టాయిష్టములతో నిమిత్తము లేకుండ అది గ్రంథాలయమునకు చేరవలెను.

ఈ సూత్రమునకు నేడు గట్టి పరీక్ష వచ్చినది. ఆ రెండు శాసనములును పుస్తకమన్నపుడు కాగితముపై అచ్చయినదానినే ఉద్దేశించినవి. అచ్చుపుస్తకమును గ్రంథాలయము కొన్నచో అది దాని ఆస్తి. ఎంతమందికి ఎరువిచ్చినను, ఎన్ని యేండ్లు ఉంచుకొన్నను, ఊడిన అట్టను మరల కుట్టించి బీరువాలో పెట్టినను అమ్మినవాడు అడ్డుచెప్పజాలడు. ఫోనుపైనను కంప్యూటరు తెరపైనను చదువు ఈ-పుస్తకము సంగతి అట్లు గాదు. దానిని గ్రంథాలయము సాధారణముగా కొనదు. కొన్ని షరతులకు లోబడి వాడుకొను లైసెన్సును మాత్రమే పొందును. షరతులు వ్రాయువాడు ప్రచురణకర్త. 2011లో హార్పర్ కాలిన్స్ సంస్థ ఒక ఈ-పుస్తకమును 26 సార్లు ఎరువిచ్చిన వెనుక లైసెన్సు ముగియుననియు, కావలెనన్నచో మరల వెల చెల్లింపవలెననియు అమెరికా గ్రంథాలయములకు తెలిపెను. రెండేసి వారముల చొప్పున ఎరువిచ్చినచో 26 సార్లనగా ఒక్క సంవత్సరము. 2019లో మాక్మిలన్ సంస్థ, క్రొత్త పుస్తకము వెలువడిన మొదటి ఎనిమిది వారములలో ఎంత పెద్ద నగర గ్రంథాలయ వ్యవస్థకైనను ఒక్క ప్రతిని మాత్రమే ఈయగలనని పట్టుబట్టెను. గ్రంథాలయములు తిరుగబడగా 2020 మార్చిలో ఆ నియమమును విడిచిపెట్టెను. విడి పాఠకుడు చెల్లించు వెలకు అనేక రెట్లు గ్రంథాలయము చెల్లించుట ఆ దేశమున సర్వసాధారణము.

ప్రచురణకర్తల మాటలో నిజము లేకపోలేదు. అచ్చుపుస్తకము నలుగును, చినుగును, పోవును. గ్రంథాలయము మరల కొనును. ఈ-పుస్తకము చిరకాలము క్రొత్తదే. ఇల్లు కదలకుండ ఎరువు దొరకునపుడు కొనువారు తగ్గుదురని వారి భయము. రచయితయు దానిపైననే బ్రదుకవలసియున్నది. ఈ న్యాయమును కాదనక, గ్రంథాలయము హక్కును కూడ నిలుపు మార్గములు కొన్ని దేశములు వెదకుచున్నవి. బ్రిటనులో గ్రంథాలయము ఎరువిచ్చిన ప్రతిసారి రచయితకు ప్రభుత్వ నిధినుండి స్వల్ప పారితోషికము చెల్లించు 1979 నాటి ఏర్పాటును 2018లో ఇంటినుండి ఎరువు తీసికొను ఈ-పుస్తకములకును విస్తరింపజేసిరి. ఐరోపా న్యాయస్థానము 2016లో డచ్చి గ్రంథాలయముల వ్యాజ్యమున, ఒక ప్రతిని ఒకసారి ఒక్కరికే ఇచ్చు పద్ధతిలో నడచు ఈ-పుస్తకపు ఎరువు అచ్చుపుస్తకపు ఎరువుతో పోల్చదగినదేనని తీర్పు చెప్పెను. అమెరికాలో మేరీలాండు రాష్ట్రము 2021లో, ప్రజలకు అమ్ము ఈ-పుస్తకమును గ్రంథాలయములకును న్యాయమైన షరతులపై ఈయవలెనని శాసించెను. ప్రచురణకర్తల సంఘము దావా వేసినది. రచయిత హక్కు కేంద్ర శాసనమునకు చెందినది కావున రాష్ట్రము దానిలో చేయి పెట్టరాదని 2022లో న్యాయస్థానము ఆ శాసనమును కొట్టివేసినది. కనెక్టికట్ రాష్ట్రము 2025లో వేరొక దారి త్రొక్కినది. ప్రచురణకర్తను నిర్బంధింపక, కాలపరిమితిని ఎరువుల సంఖ్యా పరిమితిని కలిపి విధించు ఒడంబడికలకు తన గ్రంథాలయములు సంతకము చేయరాదని అది నియమించెను. అయితే మొత్తము 70 లక్షల జనాభా గల ఇతర రాష్ట్రములు ఇట్టి శాసనమే చేసినగాని అది అమలులోనికి రాదు. ఒంటరిగా బేరమాడినచో తమ పాఠకులే నష్టపోవుదురని ఆ చిన్న రాష్ట్రమునకు తెలియును.

భారతదేశపు 1957 నాటి గ్రంథకర్తృత్వపు హక్కుల శాసనము గ్రంథాలయములను బొత్తిగా మరువలేదు. దేశమున అమ్మకమునకు దొరకని పుస్తకమునకు లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయము మూడు ప్రతులకు మించకుండ తీయించుకొనవచ్చును. 2012 సవరణము వలన, తన వద్దనున్న గ్రంథమును భద్రపరచుటకై ఎలక్ట్రానిక్ రూపమున నిలువ చేసికొనవచ్చును. కాని ఈ రెండును ప్రతులు తీయుటకు సంబంధించినవి. ఈ-పుస్తకపు లైసెన్సు షరతులను అవి స్పృశింపవు. 2025 జనవరిలో ఆరంభమైన ఒకే దేశము ఒకే చందా అను పథకమున కేంద్ర ప్రభుత్వము 30 ప్రచురణ సంస్థలతో బేరమాడి, మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలతో, సుమారు 13,000 విద్వత్పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందజేయ బూనుకొన్నది. ప్రభుత్వము కూర్చుండి బేరమాడినచో ప్రచురణకర్తలు దిగివత్తురనుటకు ఇది నిదర్శనము. అయితే అది శాసనము గాదు, పద్దు. మరియు తాలూకా కేంద్రమందలి శాఖా గ్రంథాలయమున పోటీ పరీక్షకు చదువుకొను నిరుద్యోగి ఆ పథకమున లేడు.

పంచ సూత్రములను ఈ-పుస్తకపు లైసెన్సు ప్రక్కన పెట్టి చూచినచో తేడా తెలియును. 26 సార్లకు ముగియు పుస్తకము వాడుకకుగాక వాయిదాకు ఉన్నది. ఎనిమిది వారములు ఆగుమన్నచో పాఠకుని కాలము ఎవరు కాచినట్లు? అన్నిటికంటె ఐదవ సూత్రము దెబ్బతినును. ఎదుగవలసిన జీవి, గడువు తీరినపుడెల్ల ఒక్కొక్క అవయవమును కోల్పోవును. ఏటేట డబ్బు పోసినను బీరువా నిండదు. రంగనాథన్ ఈ-పుస్తకమును చూడలేదు. కాని ఇచ్చట వచ్చిన చిక్కు ఆయన 1933లో ఎదుర్కొన్న చిక్కునకు దూరము కాదు. ఆనాడు గ్రంథాలయము దాత దయపై ఆధారపడియుండెను. నేడు అమ్మువాని షరతుపై.

1948 శాసనముతో ఆయన పని ముగిసినదని తలపలేదు. ఢిల్లీలో నుండగా భారతదేశమంతటికి ముప్పది యేండ్ల గ్రంథాలయాభివృద్ధి ప్రణాళికను వ్రాసి 1950లో ప్రకటించెను. కేంద్రమునకును పలు రాష్ట్రములకును బిల్లుల నమూనాలు సిద్ధపరచుచునే యుండెను. మంత్రులు మారుచుండిరి, నమూనాలు దస్త్రములలో మిగులుచుండెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు మద్రాసు శాసనము వారసత్వముగా వచ్చెను. హైదరాబాదు రాష్ట్రము 1955లో తన స్వంత శాసనము చేసికొన్నది. ఈ రెంటిని కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయ శాసనము రూపొందినది. తెలుగు జిల్లాలలో నేటికిని ఇంటిపన్నుతో పాటు చెల్లించు గ్రంథాలయ పన్ను ఆ మార్గముననే వచ్చినది. పురపాలక సంఘములు, పంచాయతీలు ప్రజలవద్ద వసూలు చేసిన ఈ పన్నును జిల్లా గ్రంథాలయ సంస్థలకు సకాలమున జమ చేయుటలేదను ఫిర్యాదు తరచు వినవచ్చును. శాసనముండియు డబ్బు చేరకపోవుట రంగనాథన్ నమూనాలో లేని ప్రకరణము.

1955 నుండి రెండేండ్లు జ్యూరిచ్ నగరమున నివసించి ఆయన గ్రంథరచనలో మునిగెను. తిరిగివచ్చి బెంగుళూరున స్థిరపడెను. 1957లో పద్మశ్రీ బిరుదమును, 1965లో జాతీయ పరిశోధనాచార్య పదవిని ప్రభుత్వము ఇచ్చెను. 1962లో భారత గణాంక సంస్థ పక్షమున బెంగుళూరులో గ్రంథాలయ శాస్త్ర పరిశోధన కేంద్రమును నెలకొల్పెను. జీవితమంతయు మితవ్యయముతో గడపి కూడబెట్టిన లక్ష రూపాయలను మద్రాసు విశ్వవిద్యాలయమునకు దానము చేసి, భార్య పేర శారదా రంగనాథన్ ఆచార్య పీఠమును ఏర్పరచెను. ఇరువదేండ్లు ఏ గ్రంథాలయమునకై ఇల్లు మరచెనో ఆ విశ్వవిద్యాలయమున ఇల్లాలి పేరు నిలిపెను.

1965లో మైసూరు రాష్ట్రము, 1967లో మహారాష్ట్రము గ్రంథాలయ శాసనములు చేసినవి. కేరళము శాసనము చేయుటకు 1989 వరకు కాలము పట్టెను. 1972 సెప్టెంబరు 27న బెంగుళూరులో రంగనాథన్ కన్నుమూయునాటికి భారతదేశమున గ్రంథాలయ శాసనము గల రాష్ట్రములు నాలుగు.